ఇసుకలోకి దిగే ముందు పాలసీ కాగితం చదవండి

చలికాలం మొదలైందంటే దుబాయ్‌లో నాకు ఒక ఫోన్ తప్పకుండా వస్తుంది. "అన్నా, సెకండ్ హ్యాండ్ పజెరో ఒకటి చూశాను. ధర బాగుంది. శని, ఆదివారాల్లో పిల్లల్ని ఎడారికి తీసుకెళ్దామనుకుంటున్నాం. ఇన్సూరెన్స్ ఏది తీసుకోమంటావు?" అడిగేవాళ్లు ఊరి నుంచి వచ్చి ఏడాది కూడా కాని తమ్ముళ్లు. ఈమధ్య చెల్లెళ్లు కూడా అడుగుతున్నారు, చాలా సంతోషం.

బండికి బయానా ఇవ్వకముందే ఇన్సూరెన్స్ కొటేషన్ తెప్పించుకోమని వాళ్లకు ముందుగా చెప్తాను. చవగ్గా దొరికే పజెరోలు, నిస్సాన్ ప్యాట్రోల్‌లు చాలావరకు పదేళ్లు దాటినవే. ఆ వయసు బండికి ఫుల్ ఇన్సూరెన్స్, అంటే మన బండి నష్టానికీ డబ్బిచ్చేది, ఇవ్వడానికి చాలా కంపెనీలు వెనకాడతాయి. చివరికి థర్డ్ పార్టీ ఒక్కటే దిక్కవుతుంది. థర్డ్ పార్టీ అంటే మన వల్ల ఎదుటివాళ్లకు జరిగిన నష్టానికే. ఎదుటివాళ్ల ఆస్తికి 20 లక్షల దిర్హాముల దాకా కంపెనీ కడుతుంది కానీ, మన బండికి ఒక్క దిర్హామ్ రాదు. ఎడారిలో మన బండిని గుద్దేవాళ్లు తక్కువ. అక్కడ ఎక్కువగా దెబ్బ తినేది మన బండే, అదీ మన చేతుల్లోనే. అంటే ఇసుకలోకి దిగేవాళ్లకు థర్డ్ పార్టీ ఉన్నా లేనట్టే.

2024 ఏప్రిల్ 16 వాన గుర్తుంది కదా. అల్ ఐన్ ప్రాంతంలో ఒక్క రోజులోపే 254 మిల్లీమీటర్లు కురిసింది. దుబాయ్, షార్జాల్లో పార్కింగుల్లో నీళ్లు నిండి కార్లు మునిగాయి. థర్డ్ పార్టీతో నెట్టుకొస్తున్న మనవాళ్లు ఎంతోమంది ఆ వారం సొంత డబ్బుతో ఇంజిన్లు దింపించుకున్నారు. ఎడారి సంగతి పక్కనపెట్టినా ఫుల్ ఇన్సూరెన్స్ ఎందుకో అప్పుడు చాలామందికి తెలిసింది.

సరే, ఫుల్ ఇన్సూరెన్స్ తీసుకున్నారు. ఎడారి కూడా అందులో ఉన్నట్టేనా? నేనూ అలాగే అనుకున్నాను.

నాకు లైసెన్స్ వచ్చిన రెండో చలికాలం. అల్ బదాయర్‌లో బిగ్ రెడ్ అని పిలిచే ఎర్రటి తిన్నె దగ్గరికి రెండు కుటుంబాలం వెళ్లాం. ఇసుకలో కూరుకుపోకుండా టైర్లలో గాలి 15 పీఎస్‌ఐకి దించాను. అంతవరకూ సరిగ్గానే చేశాను. తిన్నె వాలు మీద అడ్డంగా పోతూ, భయంతో స్టీరింగ్ ఒక్కసారిగా పైకి తిప్పాను. కింది వైపు ముందు టైరు రిమ్ము నుంచి ఊడిపోయింది. బండి మెల్లగా, ఎవరో పట్టుకుని పడుకోబెట్టినట్టు, పక్కకి ఒరిగింది. వెనక సీట్లో మా ఆవిడ బెల్టుకి వేలాడుతోంది. పులిహోర డబ్బా మూత ఊడి మెతుకులు అద్దానికి అంటుకున్నాయి. కిటికీ సందులోంచి ఇసుక సన్నగా కారుతూ ఆమె చెయ్యి మీద పడుతోంది. పిల్లాడు ఏడవలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. నా మణికట్టు ఎముక చిట్లిన సంగతి సాయంత్రం దాకా తెలియనే లేదు.

అటుగా వచ్చినవాళ్లు దేవుళ్లలా దిగి, లాగే పట్టీలు కట్టి బండిని నిలబెట్టారు. మనుషులం బాగున్నాం, చాలు అనుకుని ఇంటికి వచ్చేశాం. మర్నాడు గ్యారేజీ వాడు తలుపుల వంకైనా చూడకుండా "పోలీసు కాగితం ఏది?" అన్నాడు. ఇక్కడ పోలీసు రిపోర్టు లేకుండా ప్రమాదం జరిగిన బండిని ఏ గ్యారేజీ ముట్టుకోకూడదు. దుబాయ్ నుంచే బయల్దేరినా బదాయర్ షార్జా కిందికి వస్తుంది, కాబట్టి అక్కడికే పోవాలి. నానా తిప్పలూ పడి కాగితం తెచ్చాక ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి జవాబు వచ్చింది: మీ పాలసీలో ఆఫ్‌రోడ్ కవర్ (రోడ్డు దిగి నడిపినప్పుడు జరిగే నష్టానికి బీమా) లేదు. తీసి చూస్తే నిజమే. మూడో పేజీలో ఆ వరుస ఎదురుగా "లేదు" అని ఉంది. ధర తక్కువని తీసుకున్నాను గానీ ఆ పేజీ చదవలేదు. రిపేరు ఖర్చు జీతంలోంచి కట్టుకోవడానికి ఐదు నెలలు పట్టింది.

అందుకే అడిగిన ప్రతివాళ్లకూ ఒకటే చెప్తాను. టైరు తారు దిగిందంటే అక్కడ ప్రశ్నలు మూడు: బండి సంగతేంటి, దాన్ని బయటికి లాగేదెవరు, లోపలున్న మనుషుల సంగతేంటి. ఒకదానికి ఉన్న కవర్ ఇంకోదానికి ఉండదు. మూడూ విడివిడిగా అడగండి, జవాబు మెయిల్లో రాయించుకోండి. బ్రోకర్ ఫోన్లో "అంతా ఉంది సార్" అంటాడు. ఆ మాట క్లెయిమ్ ఫారానికి పిన్ను కొట్టలేం.

బండి విషయంలో, ఆఫ్‌రోడ్ కవర్ సాధారణంగా ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లకే ఇస్తారు. ఆకారం ఎస్‌యూవీలా ఉన్నా ముందు చక్రాలే తిరిగే బండి అయితే మర్చిపోండి. రేసులు, పోటీలు ఎందులోనూ ఉండవు. టైరు ఒక్కటే పాడైతే మామూలుగా ఇవ్వరు. బండి ఎత్తు పెంచినా, సస్పెన్షన్ మార్చినా కంపెనీకి ముందే చెప్పాలి, అనుమతి కాగితం ఉండాలి. ఆఫ్‌రోడ్ క్లెయిమ్‌కి ఎక్సెస్, అంటే మన జేబులోంచి కట్టాల్సిన వాటా, ఎంతో, మామూలు ప్రమాదానికి ఎంతో రెండూ అడగండి. లైసెన్స్ కొత్తదైతే అదనపు ఎక్సెస్ కూడా ఉండొచ్చు. అద్దెకు తీసుకున్న కార్లకు ఒప్పందంలోనే ఎడారి వద్దని ఉంటుంది. ఒమన్ వైపు, ముసందమ్ కొండల్లోకి వెళ్లేవాళ్లు ఒమన్ కవర్ ఉందా అని అడిగి ఊరుకోకండి, ఒమన్‌లో ఆఫ్‌రోడ్ కూడా ఉందా అని అడగండి.

లాగే విషయంలో చాలామంది మోసపోతారు. బండి ఆగిపోతే లారీ పంపే రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఉంది కదా అని ధీమా. కానీ ఆ లారీ తారు రోడ్డు అంచు దాకానే వస్తుంది. రెండు కిలోమీటర్ల లోపల కూరుకుపోయిన బండి దగ్గరికి ఇసుకలో నడిచే బండి రావాలి, దానికి అప్పటికప్పుడు బేరం. ఆఫ్‌రోడ్ రికవరీ అనే మాట పాలసీలో ఉందో లేదో చూడండి. లేకపోతే ఒంటరి బండితో ఎప్పుడూ దిగొద్దు. ఉన్నా దిగొద్దు.

ఇక మనుషులు. అందరూ చివర అడిగేదీ, నేను మొదట అడగమనేదీ ఇదే. ఇండియాలో ఓనర్ డ్రైవర్‌కి 15 లక్షల ప్రమాద బీమా తప్పనిసరి కదా, ఇక్కడా అలాగే ఉంటుందనుకుని వస్తారు. ఇక్కడ నడిపే మనిషి థర్డ్ పార్టీ కిందికి రాడు. అతనికి పర్సనల్ యాక్సిడెంట్ కవర్ విడిగా డబ్బు కట్టి పెట్టించుకోవాలి. పక్కన కూర్చునేవాళ్ల వరుస మరొకటి. అందులో సొంత భార్యాపిల్లలు, తల్లిదండ్రులు ఉన్నారా అని పేరుపేరునా అడగండి. మొత్తం ప్రీమియంతో పోల్చి చూస్తే దీనికయ్యేది చిన్న మొత్తం. బండి పోతే ఇంకోటి కొనుక్కుంటాం. ఇంటికి డబ్బు పంపే చెయ్యి ఆగిపోతే ఊళ్లో ఎంతమంది ఆగిపోతారో మీకు వేరే చెప్పాలా!

ఒరిగిందో, గుద్దుకుందో, ముందు మనుషుల్ని బయటికి తీసి దూరంగా నిలబెట్టండి. దెబ్బలుంటే 999. బండిని లాగించకముందే నాలుగు వైపులా ఫోటోలు తీయండి, ఫోన్లో లొకేషన్ దాచుకోండి, పోలీసులకు అక్కడి నుంచే చెప్పండి. నేను చేయనిది ఇదే.

వాన పడ్డ రోజు వాదీల (కొండల మధ్య ఎండు వాగుల) జోలికి మాత్రం పోకండి. ప్రవాహం ఉన్న వాదీలోకి బండి దించితే 2,000 దిర్హాముల జరిమానా, లైసెన్స్ మీద 23 బ్లాక్ పాయింట్లు (తప్పు మార్కులు), 60 రోజులు బండి జప్తు అని 2023లో నిబంధన తెచ్చారు. చూడ్డానికి అంచున గుమిగూడినా 1,000 దిర్హాములు, 6 పాయింట్లు. మన ఏటి వరద అయితే వస్తూ కనిపిస్తుంది. ఇక్కడి వాదీలో నీళ్లు కొండ మలుపు తిరిగి ఒక్కసారిగా మీద పడతాయి.

అన్నీ సరిగ్గా ఉన్నా కంపెనీ క్లెయిమ్ కాదంటే, ముందు వాళ్లకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. అక్కడ తేలకపోతే ఇలాంటి ఫిర్యాదులు తేల్చే సనదక్ అనే అంబుడ్స్‌మన్ సంస్థకు వెళ్లొచ్చు. అక్కడ అడిగేది కాగితాలే. అందుకే బ్రోకర్ మెయిల్ ప్రింటు ఒకటి ముల్కియాతో (బండి రిజిస్ట్రేషన్ కార్డుతో) పాటు డ్యాష్‌బోర్డులో పెట్టుకోండి, ఇంకోటి ఇంట్లో ఆవిడ చేతికివ్వండి.