1970 షెవెల్ కారులో ఎల్ఎస్6 ఇంజిన్ ఉన్న కన్వర్టిబుళ్లు (పైకప్పు మడిచే బండ్లు) ఎన్ని తయారయ్యాయి?

ఖచ్చితమైన లెక్క లేదు, అంచనాలే ఉన్నాయి. దీన్ని తయారుచేసిన షెవర్లే దగ్గర దొరికేది 450 హార్స్‌పవర్ ఎల్ఎస్6 ఇంజిన్ ఆప్షన్ మొత్తం: 4,475. ఇందులో హార్డ్‌టాప్, కన్వర్టిబుల్, ఎల్ కమీనో పికప్ అన్నీ కలిసే ఉన్నాయి, బాడీవారీగా విడదీయలేదు.

మరి విన్ నంబరు (బండి గుర్తింపు సంఖ్య) చూస్తే తెలియదా? 136670బి100001 లాంటి నంబరు తీసుకోండి. 36 అంటే మాలిబు వీ8, 67 అంటే కన్వర్టిబుల్, 0 అంటే 1970, బి అంటే బాల్టిమోర్ ప్లాంటు. చివరి ఆరంకెలు వరుస సంఖ్య, 100001తో మొదలు. అదే వరుసలో మామూలు షెవెళ్లు కూడా వస్తాయి కాబట్టి తేలేది ప్లాంటు మొత్తమే. పైగా ఎల్ఎస్6 వచ్చే స్పోర్టీ రకమైన ఎస్ఎస్ 1969 నుంచి ఒక ఆప్షన్ ప్యాకేజీ మాత్రమే, నంబరులో దాని జాడే ఉండదు.

మొత్తం షెవెళ్లలో కన్వర్టిబుళ్ల వాటా తీసి 4,475కి వర్తింపజేస్తుంటారు కొందరు. నాకది నమ్మబుద్ధి కాదు. అంత ఖరీదైన ఇంజిన్ కొనేవాళ్లూ ఫ్యామిలీ కారు కొనేవాళ్లూ ఒకే పాళ్లలో టాప్ లేని బండి ఎంచుకుంటారా? మిగిలిన బండ్లను లెక్కపెడదామంటే మామూలు షెవెళ్లను ఎల్ఎస్6లా మార్చిన నకిలీల బెడద. పెట్రోల్ ట్యాంకు పైన అంటుకుపోయిన బిల్డ్ షీట్ (కారులో ఏమేం బిగించాలో రాసిన ఫ్యాక్టరీ కాగితం) దొరికితే ఆ ఒక్క కారు సంగతి తేలుతుంది, అంతే.