గుండె వైఫల్యానికి మూలకణ చికిత్స ఎంతవరకు పనిచేస్తుంది?

ఎజెక్షన్ ఫ్రాక్షన్ (గుండె ఎడమ కింది గది ఒక్కో స్పందనకు తనలోని రక్తంలో ఎంత శాతం బయటికి పంపుతుందో చెప్పే కొలత) 30 శాతానికి పడిపోయిన మీ నాన్నగారికి మూలకణాలు ఎక్కిస్తే గుండె కండరం తిరిగి పెరుగుతుందా అని అడిగారు. పెరుగుతుందని ఇప్పటివరకు రుజువు కాలేదు.

గుండెపోటులో చనిపోయిన కండరం స్థానంలో మచ్చ కణజాలం మిగులుతుంది. పెద్దవారి గుండెలో ఏటా సుమారు ఒక శాతం, వయసు మళ్ళినకొద్దీ అంతకన్నా తక్కువ కండర కణాలే కొత్తగా పుడతాయి కాబట్టి ఆ లోటు తనంతట తాను పూడదు. ఎముక మజ్జ కణాలను కాథెటర్ (సన్నని గొట్టం) ద్వారా ఎడమ జఠరిక (గుండె ఎడమ కింది గది) గోడలోకి ఎక్కించినా, వాటిలో చాలా భాగం కొద్ది రోజుల్లోనే కనుమరుగవుతుంది. కనిపించే కాస్త మేలు కూడా అవి విడుదల చేసే, వాపును తగ్గించే రసాయనాల వల్లనే అని ఇప్పుడు ఎక్కువమంది పరిశోధకుల అభిప్రాయం. గుండెలోనే మూలకణాలున్నాయన్న హార్వర్డ్ మాజీ పరిశోధకుడు పియరో అన్వెర్సా వాదన ఒకప్పుడు ఎంతో ఆశ రేపింది గానీ, ఆయన ప్రయోగశాల నుంచి వెలువడిన 31 పత్రాలను ఉపసంహరించాలని 2018లో హార్వర్డే కోరింది.

మూలకణ చికిత్సపై ఐదు వందలకు పైగా రోగులతో జరిగి 2023లో ప్రచురితమైన డ్రీమ్-హెచ్‌ఎఫ్ ట్రయల్‌లోనూ, గుండె వైఫల్యం ముదిరి ఆసుపత్రి పాలవడాన్ని తగ్గించాలన్న ప్రధాన లక్ష్యం నెరవేరలేదు. గుండెపోటు, పక్షవాతం మాత్రం తగ్గినట్టు కనిపించింది. అది మరో ట్రయల్‌లో తేలాల్సిన విషయం.

ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం ఈ చికిత్స అనుమతి పొందిన ట్రయల్‌లో భాగంగానే జరగాలి. లక్షలు అడిగే క్లినిక్‌ను ముందుగా సీటీఆర్‌ఐ (దేశంలోని క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ) నమోదు సంఖ్య అడగండి. ఈలోగా సాక్యుబిట్రిల్-వల్సార్టాన్, బీటా బ్లాకర్, స్పిరోనోలాక్టోన్, డాపాగ్లిఫ్లోజిన్ వంటి మందులు తగిన మోతాదులో అందుతున్నాయో లేదో కార్డియాలజిస్టుతో సరిచూసుకోవడం మేలు.