మూజువాణి ఓటులో మన ఎంపీ ఎటువైపు?

పార్లమెంటు సమావేశాలు మొదలయ్యాయంటే ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల తీరు మారిపోతుంది. చట్టం ఎలా తయారవుతుందో చెప్పమనేవారు కొందరు, సభలో జరిగినదాన్ని చూసి బాధపడి రాసేవారు మరికొందరు. ఈసారి వచ్చిన వాటిలో ఆరు ప్రశ్నలు తీసుకున్నాను. అడిగిన తీరు వేరైనా, తరచి చూస్తే అన్నీ ఒక్క సందేహం దగ్గరికే వస్తున్నాయి: మనం ఎన్నుకున్నవారు సభలో ఏ వైపు నిలిచారో మనకు తెలిసే దారి ఉందా?

ప్రశ్న: టీవీలో లోక్‌సభ చూస్తున్నాను. అనుకూలురు ‘అవును’ అనాలని, వ్యతిరేకులు ‘కాదు’ అనాలని స్పీకర్ గారు అడిగారు. రెండు వైపుల నుంచీ కేకలు వినిపించాయి. వెంటనే బిల్లు ఆమోదం పొందిందని ప్రకటించారు. ఓట్లు ఎవరూ లెక్కపెట్టలేదు కదా! ఇది చెల్లుతుందా?
– డిగ్రీ విద్యార్థిని, ఖమ్మం

జవాబు: చెల్లుతుంది. దీన్ని మూజువాణి ఓటు అంటారు, అంటే నోటి మాటతో తేల్చే ఓటు. వేరే నిబంధన ఉన్న సందర్భాల్లో తప్ప, సభకు హాజరై ఓటు వేసినవారిలో ఎక్కువమంది ఎటుంటే అదే సభ నిర్ణయమని రాజ్యాంగం 100వ అధికరణం చెబుతోంది. ఆ ఎక్కువమంది ఎటున్నారో సభాధ్యక్ష స్థానంలో ఉన్నవారు మొదట చెవితో అంచనా వేసి, అవునన్నవారిదే ఆధిక్యమని తాము అనుకుంటున్నట్లు చెబుతారు. ఈ ‘అనుకుంటున్నాను’ అనే మాటను మీరు గట్టిగా పట్టుకోవాలి. అప్పటికి అది అభిప్రాయమే గాని తుది ప్రకటన కాదు. ఎవరూ అభ్యంతరం చెప్పకపోతేనే అది నిర్ణయంగా మారుతుంది.

ఆ అభిప్రాయాన్ని సవాలు చేస్తే, లోక్‌సభ నియమావళిలోని 367వ నియమం ప్రకారం లాబీలను, అంటే సభ పక్కనున్న నడవాలను, ఖాళీ చేయమని స్పీకర్ ఆదేశిస్తారు. మూడున్నర నిమిషాలు గడిచాక అదే ప్రశ్నను రెండోసారి సభ ముందు పెడతారు. అప్పటికీ సవాలు అలాగే ఉంటే ఓట్లు నమోదు చేస్తారు. దీనికి డివిజన్ అని పేరు.

పాత భవనంలోని సందర్శకుల గ్యాలరీలో కూర్చుని ఒకసారి డివిజన్ చూశాను. అప్పటిదాకా సగం బెంచీలు ఖాళీగా ఉన్నాయి. గంట మోగడం మొదలు కాగానే సభ్యులు ద్వారాల గుండా హడావిడిగా లోపలికి వచ్చి, ఎవరి స్థానం వారు వెతుక్కున్నారు. గంట ఆగింది, తలుపులు మూసేశారు. ప్రతి స్థానం ముందూ ఆకుపచ్చ, ఎరుపు, పసుపు బటన్లు ఉండేవి. అవునంటే ఆకుపచ్చ, కాదంటే ఎరుపు, ఎటూ కాదంటే పసుపు. ఓటు ప్రారంభించే స్విచ్చునూ, తాము ఎంచుకున్న రంగు బటన్‌నూ ఒకేసారి నొక్కి, రెండో గంట వినబడేదాకా అలాగే పట్టుకోవాలి. అంతసేపూ గోల చేసిన సభ ఆ కొద్ది క్షణాలూ నిశ్శబ్దమైపోయింది. తమ పేరు పక్కన ఏదో ఒకటి శాశ్వతంగా నమోదవుతుందన్న స్పృహ మనిషిని ఎంత జాగ్రత్తగా కూర్చోబెడుతుందో నాకు ఆ రోజు అర్థమైంది.

ఇదే నియమంలో ఒక మెలిక కూడా ఉంది. డివిజన్‌ను అనవసరంగా కోరుతున్నారని స్పీకర్ భావిస్తే, రెండు పక్షాల సభ్యులనూ వారి వారి స్థానాల్లో లేచి నిలబడమని, లెక్కపెట్టి ఫలితం చెప్పవచ్చు. అలాంటప్పుడు ఓటు వేసినవారి పేర్లు నమోదు కావు.

ప్రశ్న: 2014లో రాష్ట్ర విభజన బిల్లుకు లోక్‌సభలో ఎవరెవరు అనుకూలంగా, ఎవరెవరు వ్యతిరేకంగా ఓటు వేశారో ఆ జాబితా ఎక్కడ దొరుకుతుంది? మా మనవడికి చూపించాలనుకుంటున్నాను.
– విశ్రాంత ఉపాధ్యాయుడు, శ్రీకాకుళం

జవాబు: మాస్టారూ, మీరు వెతుకుతున్న జాబితా లేదు. ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లును 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభ మూజువాణి ఓటుతో ఆమోదించింది. మీరా కుమార్ గారు స్పీకర్ స్థానంలో ఉన్నారు. అంతకు అయిదు రోజుల ముందు, ఫిబ్రవరి 13న, సభలో మిరియాల పొడి స్ప్రే చల్లిన సంఘటన జరిగింది. 18వ తేదీన సభ తలుపులు మూసి ఉన్నాయి, టీవీ ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయింది. ఫిబ్రవరి 20న రాజ్యసభ కూడా ఆమోదించింది, మార్చి 1న రాష్ట్రపతి ఆమోదముద్ర పడింది, జూన్ 2న తెలంగాణ అవతరించింది.

ఆ ఏడాది మన ఇళ్ళలో ఒకే పూట పండగ, పక్క జిల్లాలో దుఃఖం. తెలంగాణ కోసం దశాబ్దాలు కొట్లాడినవారికి, తమ ఆకాంక్షకు అండగా నిలిచిన సభ్యులందరి పేర్లూ అచ్చులో చూసుకునే హక్కు ఉంది. విభజన వద్దన్నవారికి, తమ అభ్యంతరాన్ని సభలో ఎవరు ఓటుగా మార్చారో చూసుకునే హక్కు అంతే ఉంది. ఎవరి పక్షాన చూసినా ఆ జాబితా లేకపోవడం నష్టమే. బిల్లు మంచిచెడ్డలకూ ఈ మాటకూ సంబంధం లేదు. తెలుగువారి చరిత్రలో అంత పెద్ద నిర్ణయానికి పేర్లతో కూడిన ఓటు ఉండి తీరవలసిందని నేను నమ్ముతాను.

దీనికి పక్కనే మరొక సందర్భం పెట్టి చూపించండి మీ మనవడికి. 2023 సెప్టెంబర్ 20న మహిళా రిజర్వేషన్ల బిల్లుపై లోక్‌సభలో డివిజన్ జరిగింది. కాగితపు చీటీలతో ఓట్లు తీసుకోగా 454 మంది అవునన్నారు, ఇద్దరు కాదన్నారు. ఆ ఇద్దరిలో ఒకరు హైదరాబాద్ సభ్యుడు అసదుద్దీన్ ఒవైసీ. వెనుకబడిన తరగతుల, ముస్లిం మహిళలకు అందులో కోటా లేదన్నది తన అభ్యంతరమని ఆయన బాహాటంగానే చెప్పారు. ఆయనతో ఏకీభవించేవారు ఏకీభవించవచ్చు, విభేదించేవారు విభేదించవచ్చు. హైదరాబాద్ ఓటరుకు మాత్రం తన ప్రతినిధి ఏం చేశారో, ఎందుకు చేశారో రెండూ తెలిశాయి.

ప్రశ్న: 2024 డిసెంబర్ 17న జమిలి ఎన్నికల బిల్లు మీద మొదట 220 – 149 అన్నారు, తర్వాత 269 – 198 అన్నారు. అంకెలు ఎలా మారాయి? పైగా అది మూడింట రెండు వంతులు కూడా కాదు. మరి బిల్లు ఎలా నెగ్గింది?
– న్యాయవాది, కర్నూలు

జవాబు: అంకెలు మారడంలో దాపరికం ఏమీ లేదు. కొత్త భవనంలోని లోక్‌సభలో ఎలక్ట్రానిక్ పద్ధతిలో డివిజన్ జరగడం అదే మొదటిసారి. బోర్డు మీద కనిపించిన మొదటి లెక్క యంత్రంలో నమోదైన ఓట్లది. యంత్రంలో ఓటు పడనివారికీ, తప్పు పడిందనుకున్నవారికీ చీటీలు ఇచ్చి, వాటినీ కలిపి తుది లెక్క ప్రకటించారు. చీటీ మీద కూడా సభ్యుడి సంతకం ఉంటుంది కనుక అదీ పేరుతో పడిన ఓటే.

ఇక రెండో సందేహం. ఆ రోజు బిల్లు నెగ్గలేదు, సభలో ప్రవేశం మాత్రమే పొందింది. రాజ్యాంగ సవరణ బిల్లునైనా ప్రవేశపెట్టడానికి సాధారణ మెజారిటీ చాలు. దాన్ని ఆమోదించే దశలో మాత్రం 368వ అధికరణం ప్రకారం రెండు షరతులూ నెరవేరాలి: సభ మొత్తం సభ్యుల్లో సగానికి మించినవారు, హాజరై ఓటు వేసినవారిలో మూడింట రెండు వంతులకు తగ్గనివారు అవునని ఉండాలి. ఆ రోజు ఓటు వేసిన 467 మందినే లెక్కలోకి తీసుకున్నా 312 కావలసి వచ్చేది. ప్రవేశపెట్టిన తర్వాత బిల్లును 39 మంది సభ్యుల సంయుక్త పార్లమెంటరీ సంఘానికి పంపారు. రాజ్యాంగ సవరణలో రెండు వంతుల లెక్క తేలాలి కాబట్టి అక్కడ డివిజన్ తప్పదు. మామూలు చట్టాలకు ఆ రక్షణ లేదు.

ప్రశ్న: వ్యవసాయ చట్టాలు వచ్చినప్పుడూ చర్చ సరిగా జరగలేదన్నారు, రద్దు చేసినప్పుడూ అలాగే అన్నారు. మా బతుకుల మీద బిల్లులకు రెండు గంటల సమయం ఉండదా?
– పసుపు రైతు, నిజామాబాద్ జిల్లా

జవాబు: మీ కోపం న్యాయమైనది. 2020 సెప్టెంబర్ 20న రాజ్యసభలో రెండు వ్యవసాయ బిల్లులు మూజువాణి ఓటుతో ఆమోదం పొందాయి. ప్రతిపక్షం డివిజన్ కోరింది. డివిజన్ కోరే సభ్యులు తమ స్థానాల్లో ఉండి కోరాలన్నది అధ్యక్ష స్థానంలో ఉన్న ఉపసభాపతి హరివంశ్ గారి వాదన. అప్పటికి సభ్యులు వెల్‌లోకి, అంటే అధ్యక్ష స్థానం ముందున్న ఖాళీ స్థలంలోకి, దూసుకువచ్చి సభంతా గందరగోళంగా ఉంది. మరుసటి రోజు ఎనిమిది మంది సస్పెండయ్యారు. ఏడాది పైగా సాగిన రైతుల ఆందోళన తర్వాత, 2021 నవంబర్ 29న రద్దు బిల్లు ఉభయ సభల్లోనూ ఒకే రోజున, నిమిషాల వ్యవధిలో, మళ్ళీ మూజువాణి ఓటుతోనే గట్టెక్కింది.

ఇందులో తప్పు ఒక్క పక్షానిదే అని నేను అనను. డివిజన్ కావలసినవారు తమ బెంచీ దగ్గరే నిలబడి దాన్ని గట్టిగా అడగాలి. వెల్‌లో నిలబడి అడిగితే నిరాకరించడానికి కారణం మనమే చేతికిచ్చినట్లు. అధ్యక్ష స్థానంలో ఉన్నవారు కూడా అంత తీవ్రమైన అభ్యంతరం కళ్ళెదుట ఉన్నప్పుడు, సభను కాసేపు వాయిదా వేసి అయినా లెక్క తేల్చి ఉండవలసింది.

సమయం సంగతికి వస్తే, నిజమైన పరిశీలన సభలో కంటే సంఘాల్లో ఎక్కువ జరుగుతుంది. శాఖలవారీ స్థాయీ సంఘాలు 24 ఉన్నాయి. ఒక్కోదానిలో లోక్‌సభ నుంచి 21, రాజ్యసభ నుంచి 10 మంది సభ్యులుంటారు. బిల్లు అక్కడికి వెళ్తే రైతు సంఘాలను, నిపుణులను, అధికారులను పిలిచి వినవచ్చు, నివేదికతో ఏకీభవించని సభ్యుడు తన పేరుతో అసమ్మతి లేఖ జతచేయవచ్చు. వ్యవసాయ బిల్లులు ఆ దారిలో వెళ్ళలేదు. వెళ్ళి ఉంటే మీలాంటివారి మాట చట్టం కాకముందే కాగితం మీదికి ఎక్కేది.

ప్రశ్న: పార్టీ విప్ (ఫలానా వైపే ఓటు వేయాలన్న ఆదేశం) జారీ చేశాక సభ్యుడు వేరే ఓటు వేయలేడు కదా. అలాంటప్పుడు పేర్ల జాబితా పార్టీల జాబితాకు నకలే అవుతుంది. దానికోసం ఇంత పట్టుదల ఎందుకు?
– బ్యాంకు ఉద్యోగి, అమలాపురం

జవాబు: మీ వాదనలో బలం ఉంది. 1985లో 52వ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన పదో షెడ్యూలు ప్రకారం, పార్టీ ఆదేశానికి విరుద్ధంగా ఓటు వేసినా, ఓటుకు దూరంగా ఉన్నా సభ్యత్వం పోవచ్చు, పార్టీ పదిహేను రోజుల్లోగా క్షమిస్తే తప్ప. అయినా మీ ఊరి నుంచే ఒక ఉదాహరణ చెబుతాను.

1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయి ప్రభుత్వంపై విశ్వాస తీర్మానం ఓటింగుకు వచ్చినప్పుడు స్పీకర్ స్థానంలో ఉన్నది అమలాపురం సభ్యుడు జి.ఎం.సి. బాలయోగి. కాంగ్రెస్ సభ్యుడు గిరిధర్ గమాంగ్ ఆ ఫిబ్రవరిలోనే ఒడిశా ముఖ్యమంత్రి అయ్యారు, కాని లోక్‌సభ సభ్యత్వానికి ఇంకా రాజీనామా చేయలేదు. ఆయన ఓటు వేయవచ్చా అన్న వివాదం వస్తే, బాలయోగి ఆ నిర్ణయాన్ని గమాంగ్ అంతరాత్మకే వదిలేశారు. గమాంగ్ ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఓటు వేశారు. నేషనల్ కాన్ఫరెన్స్ సభ్యుడు సైఫుద్దీన్ సోజ్ తన పార్టీ ఆదేశాన్ని కాదని ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఓటు వేశారు, పార్టీ ఆయనను బహిష్కరించింది. అనుకూలం 269, వ్యతిరేకం 270. రెండు వైపులా సమానంగా వస్తే తప్ప స్పీకర్‌కు ఓటు లేదు కనుక బాలయోగి ఓటు వేసే అవసరమే రాలేదు. ఆ రోజు నోటి కేకలను బట్టి ఫలితం తేల్చడం ఎవరి తరమయ్యేది? విప్ ఉన్న సభలోనే ఒక్కొక్క మనిషి పేరూ ఎంత బరువు తూగిందో చూడండి. సోజ్ తన ఓటుకు మూల్యం చెల్లించారు. ఆ ఓటు పేరుతో నమోదైంది కాబట్టే అది ఆయనదని దేశానికి తెలిసింది.

జాబితాలో లేని పేర్లు కూడా కొన్నిసార్లు చాలా చెబుతాయి. బయట బిల్లును తిట్టి, ఓటు వేళకు కనిపించకుండా పోయే సభ్యులను మూజువాణి ఓటు కాపాడుతుంది. డివిజన్ కాపాడదు.

ప్రశ్న: మా ఎంపీ గారు ఏం అడిగారో, ఎటు ఓటు వేశారో నేను ఇంట్లో కూర్చుని తెలుసుకోగలనా?
– గృహిణి, గుంటూరు

జవాబు: తప్పకుండా. పార్లమెంటు వెబ్‌సైట్‌లో ప్రతి రోజు చర్చల పూర్తి పాఠం ఉంటుంది. డివిజన్ జరిగిన బిల్లయితే ఆ రోజు పాఠంలో అవునన్నవారి పేర్లు, కాదన్నవారి పేర్లు వరసగా ముద్రించి ఉంటాయి. సభ్యుల పేరుతో వెతికితే వారు అడిగిన ప్రశ్నలూ, మంత్రుల జవాబులూ వస్తాయి. లోక్‌సభలో మామూలుగా పదకొండు గంటలకు మొదలయ్యే ప్రశ్నోత్తరాల సమయానికి రోజుకు 20 నక్షత్ర గుర్తు ప్రశ్నలు ఉంటాయి, వీటికి మంత్రి నోటితో జవాబు చెప్పాలి, అనుబంధ ప్రశ్నలు ఎదుర్కోవాలి. మరో 230 ప్రశ్నలకు రాతపూర్వక జవాబులు వస్తాయి. మీ ఊరి రైల్వే వంతెన సంగతి, పత్తి కొనుగోలు కేంద్రాల సంగతి ఎక్కువగా ఈ రాతపూర్వక జవాబుల్లోనే దొరుకుతుంది.

ముందుగా మీకు పట్టింపు ఉన్న ఒక బిల్లును ఎంచుకుని, అది ఆమోదం పొందిన తేదీ నాటి పాఠం తెరవండి. మీ ఎంపీ గారి పేరు రెండు జాబితాల్లోనూ లేకపోతే, వారు మీ ఊరికి వచ్చినప్పుడు ఆ తేదీ చెప్పి, ఆ రోజు సభలో ఎక్కడున్నారని అడగండి. అసలు జాబితాయే లేకపోతే, డివిజన్ ఎందుకు కోరలేదని అడగండి. జవాబు వస్తే నాకూ రాయండి, ఈ శీర్షికలో ప్రచురిస్తాను.