పసుపు ప్రాజెక్టు మొదలుపెట్టే ముందు

బిడ్డా,

పసుపుకు రంగునిచ్చే కర్క్యుమిన్‌ను అతి సన్నటి రేణువుల్లో (నానోపార్టికల్స్‌లో) ఇమిడ్చే నీ ఎం.ఫార్మసీ ప్రాజెక్టు ఓకే అయిందని అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం. నిజామాబాద్ యార్డులో పసుపు కుప్పలు చూస్తూ పెరిగినదానివి, నీకు తగిన పని.

పసుపులో కర్క్యుమిన్ ఉండేది దాదాపు 3 శాతమే. అది నీళ్లలో కరగదు. కాస్తోకూస్తో ఒంటికి పట్టినా పేగులు, కాలేయం కలిసి త్వరగా మార్చి బయటికి పంపేస్తాయి. అందుకే ఈ నానో తిప్పలన్నీ. కర్క్యుమిన్‌ను, దాన్ని పట్టి ఉంచే పాలిమర్‌తో పాటు అసిటోన్‌లో కరిగించి, గిర్రున తిరిగే నీళ్లలోకి బొట్టుబొట్టుగా వదులుతావు కదా, నారింజ రంగు బొట్టు పడగానే విచ్చుకుని పలుచటి పసుపు పాలలా అవుతుంది. నాకిప్పటికీ అది చూడాలనిపిస్తుంది. ఫ్లాస్కుకు ఫాయిల్ చుట్టడం మరవకు, వెలుతురు తగిలితే కర్క్యుమిన్ పాడవుతుంది.

అసలు జాగ్రత్త రిలీజ్ టెస్టు దగ్గర, అంటే రేణువుల్లోంచి కర్క్యుమిన్ ఎంత వేగంగా బయటికొస్తుందో చూసేచోట. సన్న రంధ్రాలుండే డయాలిసిస్ సంచిలో పోసి, రక్తంలాగే 7.4 పీహెచ్ ఉండే బఫర్ ద్రావణంలో వేలాడదీశాను నేను. మూడు రోజులైనా సగం కూడా బయటికి రాలేదు. మెల్లగా విడుదలవుతోందని సంబరపడి రిపోర్టు కూడా రాసేశాను. తర్వాత చూస్తే, బయటికొచ్చింది వచ్చినట్టే ఆ బఫర్‌లో విరిగిపోతోంది! ఉత్త బఫర్‌లో కర్క్యుమిన్ అరగంటలోనే చాలావరకు నాశనమవుతుంది. అందుకని ముందు ఉత్త కర్క్యుమిన్‌ను అదే బఫర్‌లో వేసి ఎంతసేపు నిలుస్తుందో చూడు. కరగడానికి కొంచెం ట్వీన్ 80 (సబ్బులాంటి పదార్థం) కలుపు. చివర్లో సంచిలో ఎంత మిగిలిందో కూడా కొలువు.

జీవకణాల మీద ఎంటీటీ టెస్టు (బతికున్న కణాలు రంగు మార్చే పరీక్ష) చేసేటప్పుడు కర్క్యుమిన్ లేని ఖాళీ పార్టికల్స్ కూడా పోలికకు పెట్టాల్సిందే. ప్లేటులో కణాలు లేని గుంటల్లోనూ నీ కర్క్యుమిన్ వేసి చూడు. కర్క్యుమిన్ లాంటి యాంటీఆక్సిడెంట్లు కణాలు లేకున్నా నేరుగా ఆ రంగును మార్చగలవు.

ఇక, థీసిస్‌లో "క్యాన్సర్ రాకుండా ఆపుతుంది" అని రాయొద్దు. ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే మగవాళ్ల మీద జరిగిన ట్రయల్ ఫలితాలు 1994లో వచ్చాయి. బీటాకెరోటిన్ మాత్రలు మింగినవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం పెరిగింది. అదీ మొక్కల్లో దొరికే యాంటీఆక్సిడెంటే. ప్లేటులో కణాల దగ్గర చూసింది అక్కడిదాకానే రాయి.

బతుకమ్మకు హన్మకొండ వస్తావుగా, ఆ బఫర్ రీడింగులు పట్టుకురా. కలిసి కూర్చుని చూద్దాం.

మీ మేనమామ