అమ్మలూ, నీ రాళ్ల ఫొటోలు చూశాను

ధర్మాబాద్

చిరంజీవి అమ్మలుకి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన 22 ఫొటోలూ చూశాను. ముందు ఫోన్‌లో చూశాను, తర్వాత స్టూడియోలో పెద్ద స్క్రీన్ మీద ఒక్కోటీ తీరిగ్గా చూశాను. రాళ్లు చాలా బాగున్నాయి బిడ్డా. మంజీర ఒడ్డున ఏరుకొచ్చిన గులకరాళ్లు, బావి తవ్విన మట్టిగుట్టలో వెతికి తీసిన హకీక్‌లు, అదే అగేట్ అనే చారల రాళ్లు. వాటిని ముతక పొడి నుంచి పాలిష్ పొడి దాకా నాలుగు దఫాలు, ఒక్కో దఫా వారం చొప్పున డ్రమ్ములో తిప్పావని మీ అమ్మ చెప్పింది. అంత ఓపిక పట్టినదానివి, చివర్లో ఫొటో దగ్గరికి వచ్చేసరికి రెండు నిమిషాల్లో ముగించేశావు. చేతిలో రాయి ఒకటి, ఫొటోలో రాయి ఇంకొకటి అయిపోయింది. ఫోన్‌లో చెబితే సగం మరిచిపోతావు, అందుకే రాస్తున్నాను.

మూడో ఫొటో తెరువు. తేనె రంగు చారల రాయి. దాని నడినెత్తిన తెల్లటి మచ్చ ఉంది కదా, వేళ్లతో పెద్దది చేసి చూడు. అది మచ్చ కాదు, మీ వంటింటి కిటికీ. ఊచలు లెక్కపెట్టొచ్చు, నాలుగున్నాయి. దాని కింద నల్లగా కనిపించేది నీ చెయ్యీ ఫోనూ. కుడి అంచున పసుపు చుక్క గోడ మీది బల్బు. మరి ఆ రాయికి అందమంతా ఇచ్చే చారలు ఎక్కడ? సగం ఆ కిటికీ కిందే ఉండిపోయాయి.

గరుకు రాయి మీద పడిన వెలుగు నాలుగు దిక్కులకూ చెదిరిపోతుంది. అందుకే గరుకు రాయిని ఎలా తీసినా ఎంతోకొంత వస్తుంది. పాలిష్ పెట్టాక అదే రాయి అద్దం అవుతుంది. అద్దం కూడా బల్లపరుపుగా ఉండదు, గుండ్రంగా ఉంటుంది. బండి సైడు అద్దంలో రోడ్డంతా ఇమిడినట్టు గదంతా దాంట్లో ఇమిడిపోతుంది. అందుకని ఫొటో తీసేముందు నువ్వు రాయిని చూడటం కాదు, రాయి దేన్ని చూస్తోందో అది చూడాలి. రాయికి ఎదురుగా, పైన, పక్కన ఏమేం ఉన్నాయో అవన్నీ ఫొటోలో పడతాయి. నగల ఫొటోలు తీస్తూ నేను ఇది నేర్చుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది. నీకు మాత్రం అంత కాలం పట్టక్కర్లేదు.

కాబట్టి రాయికి చూడ్డానికి మంచి వస్తువు ఇవ్వాలి. అన్నిటికంటే మంచిది పెద్ద తెల్లటి మెత్తని వెలుగు. మీ ఇంట్లో ఉత్తరం వైపు గది ఉంది. చలికాలంలో ఆ కిటికీలో ఎండ నేరుగా పడదు, వెలుగు మాత్రం నిండుగా వస్తుంది. మే మధ్య నుంచి జులై చివరి దాకా మన దగ్గర మధ్యాహ్నపు సూర్యుడు కొంచెం ఉత్తరానికే ఉంటాడు, ఆ రోజుల్లో జాగ్రత్త. కిటికీకి బటర్ పేపరో పాత తెల్ల పంచో అడ్డం కట్టు. అప్పుడు ఊచలు పోయి, కిటికీ మొత్తం ఒకే తెల్లటి పలకలా అవుతుంది. ఆ పేపరు రాయికి ఎంత దగ్గరగా ఉంటే రాయి మీద మెరుపు అంత వెడల్పుగా, అంత మెత్తగా వస్తుంది. రెండో వైపు తెల్లటి థర్మకోల్ ముక్క నిలబెట్టు, నీడ భాగం తేలికపడుతుంది. ఫ్లాష్ జోలికి అసలు పోకు. ఫ్లాష్ వేస్తే రాయి మీద సూది మొనలాంటి తెల్ల చుక్క, చుట్టూ చీకటి, అంతే.

నీ చెయ్యి, ఫోను పడకుండా ఉండాలంటే నల్ల చార్టు ముక్క తీసుకుని, నడుమ లెన్సు పట్టేంత కన్నం చేసి, దాని వెనక నుంచి తీయి. ముదురు రంగు బట్టలు వేసుకో. ఆరో ఫొటోలో రాయి మీద గులాబీ రంగు తేలింది కదా, అది నీ చుడీదార్ రంగు.

అయితే మెరుపు మొత్తం చంపేయకూడదు. ఈ మాట గట్టిగా పట్టుకో. ఒక్క మెరుపూ లేకుండా తీస్తే రాయి సబ్బు ముక్కలా ఉంటుంది, నువ్వు నెల రోజులు పట్టిన పాలిష్ ఎవరికీ కనిపించదు. రాయి భుజం మీద, చారలు లేని చోట, ఒకే ఒక్క మెరుపు ఉంచు. ఆ మెరుపు అంచు కత్తితో కోసినట్టు ఉంటే పాలిష్ బాగా పట్టినట్టు. అంచు పొగమంచులా చెదిరి ఉంటే ఇంకో దఫా తిప్పాల్సిన రాయి అని అర్థం. రాళ్ల గురించి తెలిసినవాళ్లు ముందు చూసేది అదే. రాయిని వేలితో కొద్దికొద్దిగా తిప్పుతూ స్క్రీన్‌లో చూడు, ఎక్కడో ఒకచోట మెరుపు పక్కకి జరిగి చారలన్నీ తేటగా కనిపిస్తాయి. ఆ చోటు దొరికేదాకా బటన్ నొక్కకు. ఒక్కో రాయికి పది నిమిషాలు పట్టినా పట్టనీ.

పోలరైజ్డ్ కళ్లజోడు ఉంటే దాని అద్దం ఫోన్ లెన్సు ముందు పెట్టి మెల్లగా తిప్పి చూడు, కొన్ని మెరుపులు మాయమవుతాయి. హకీక్ లాంటి రాయి మీద, నిట్టనిలువు నుంచి సుమారు 57 డిగ్రీలు పక్కకు వంగి చూసినప్పుడు అది బాగా పనిచేస్తుంది. రాయి గుండ్రంగా ఉంటుంది కనుక ఒక భాగం మెరుపు పోయినా ఇంకో భాగంలో మిగిలే ఉంటుంది. దాని మీద పూర్తిగా ఆధారపడకు.

ఇంకో సంగతి, కొంచెం కటువుగా చెబుతున్నాను. చివరి ఐదు ఫొటోల్లో రాళ్లు తడిసి ఉన్నాయి. ఏమీ అనుకోకు, తడి రాయి ఫొటో పాలిష్ రాయి ఫొటో కాదు. పాలిష్ సరిగ్గా పట్టని రాయి మీద కంటికి కనిపించని గీతలుంటాయి. నీళ్లు ఆ గీతల్లో నిండితే వెలుగు చెదరడం ఆగిపోయి, రాయి పాలిష్ అయినట్టే కనిపిస్తుంది. ఆరాక మళ్లీ మసకే. ఏటి ఒడ్డున దొరికినప్పుడు రంగు చూపించడానికి తడిపి తీస్తే తప్పు లేదు, అప్పుడు తడిపి తీశానని ఫొటో కింద రాసిపెట్టు. డ్రమ్ములోంచి వచ్చిన రాయిని మాత్రం పొడిగానే తీయి. రేపు ఎవరికైనా అమ్మితే వాళ్లు ఇంటికి తీసుకెళ్లి చూసేది పొడి రాయినే.

తీసేముందు పాత టూత్‌బ్రష్‌తో సబ్బునీళ్లలో రుద్దు. గుంటల్లో ఇరుక్కున్న పాలిష్ పొడి దగ్గరి ఫొటోలో సున్నం కొట్టినట్టు కనిపిస్తుంది. మెత్తటి నూలు బట్టతో తుడిచాక వేళ్లతో ముట్టుకోకు, అంచులు పట్టుకో. నోటితో ఊదకు, తుంపర పడుతుంది. చిన్న రబ్బరు బ్లోయర్ నా దగ్గర రెండున్నాయి, ఒకటి నీకు.

ఇప్పుడు కింద పరిచే గుడ్డ సంగతి. నువ్వు ఎర్ర పట్టుగుడ్డ పరిచావు. దీని గురించి నాకు జరిగింది చెబుతాను.

ఫిల్ము రోజుల్లో ఒక ముసలమ్మ తన హకీక్ పూసల దండ తెచ్చి, ఫొటో తీసిపెట్టమని అడిగింది. పూసలు ముదురు నారింజ రంగు, పుట్టింటి సొత్తు. అందంగా ఉంటుందని ఎర్ర వెల్వెట్ పరిచి తీశాను. ఫిల్ము కడగడానికి వేరే ఊరి ల్యాబుకు పంపేవాళ్లం. అక్కడి ప్రింటింగ్ మిషన్ ఫొటో నిండా ఎరుపే ఉంది కదా, ఏదో రంగు ఎక్కువైందనుకుని దాన్ని తగ్గించేసింది. పూసలు చచ్చిన ఇటుక రంగులోకి దిగిపోయాయి. ఆమె ఫొటో చేతిలోకి తీసుకుని, కాసేపు చూసి, "ఇవి మా అమ్మ పూసలు కావు నాయనా" అని బల్ల మీద పెట్టేసింది. కోప్పడలేదు. కోప్పడి ఉంటే నాకు ఇంత గుర్తుండేది కాదేమో. మళ్లీ పిలిపించుకుని, బూడిద రంగు గుడ్డ మీద తీసి, ల్యాబువాళ్లకు చీటీ రాసి పంపాను. ఈసారి దండ దండలా వచ్చింది.

నీ ఫోను కూడా అలాంటి మిషనే. ఎర్ర గుడ్డ చూస్తే రంగు మారుస్తుంది. తెల్ల గుడ్డ పరిస్తే వెలుగు ఎక్కువైందనుకుని అంతా మసకబారుస్తుంది. నల్ల గుడ్డ పరిస్తే చీకటి అనుకుని రాయిని తెల్లగా కాల్చేస్తుంది. తెల్లదాని మీద ఎక్స్‌పోజర్ (ఫొటోకి అందే వెలుగు) కొంచెం పెంచాలి, నల్లదాని మీద తగ్గించాలి. ఈ టెన్షన్ వద్దనుకుంటే బూడిద రంగు వాడు. మీ వెనక వాకిట్లో పాలిష్ లేని షాబాద్ బండ ముక్క పడి ఉంది చూడు, దాన్ని కడిగి ఆరబెట్టు. మెరవదు, రాయి మీద తన రంగు పడేయదు, అంతకంటే మంచి పీట కొన్నా దొరకదు. గదిలో బల్బు ఆర్పేయి. కిటికీ వెలుగు, బల్బు వెలుగు కలిస్తే రాయి ఒక వైపు నీలంగా, ఇంకో వైపు పసుపుగా వస్తుంది, దాన్ని తర్వాత బాగు చేయడం చాలా కష్టం.

ఇక నాకు బాగా ఇష్టమైన భాగం. నువ్వు ఒక్క రాయినీ వెనక నుంచి వెలుగు పెట్టి తీయలేదు. హకీక్‌కు అసలు ప్రాణం అక్కడే ఉంది.

మన కాళ్ల కింది నల్లరాయి సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట పొంగి గడ్డకట్టిన లావా. గడ్డకట్టేటప్పుడు లోపల వాయువుల బుడగలు చిక్కుకుని ఖాళీ గూళ్లుగా మిగిలిపోయాయి. తర్వాత సిలికా (ఇసుకలో ఉండే పదార్థం) కరిగిన నీళ్లు ఆ గూళ్లలోకి ఊరి, గోడల మీద పొర మీద పొర పట్టించాయి. ఆ పొరలే నీ చారలు. కొన్ని పొరల్లోంచి వెలుగు దూరుతుంది, కొన్నింట్లోంచి దూరదు. ముందు నుంచి వెలుగు పెడితే పై తొక్క కనిపిస్తుంది. వెనక నుంచి పెడితే గూడు నిండిన తీరంతా కనిపిస్తుంది.

చేసే పద్ధతి ఇది. నల్ల చార్టులో రాయి కంటే చిన్న కన్నం కోయి. రాయి అంచు దాటి ఒక్క గీత వెలుగు కూడా బయటికి రాకూడదు, వచ్చిందా అదే కళ్లలో గుచ్చుకుంటుంది. పాత సైకిల్ ట్యూబు నుంచి వేలెడు వెడల్పు రింగు కోసి కన్నం చుట్టూ పెట్టు, రాయి దొర్లకుండా కూర్చుంటుంది, సందుల్లోంచి వెలుగు కారదు. రెండు వైపులా ఇటుకలు పెట్టి చార్టును పైకెత్తు. కింద టార్చి, దానికీ చార్టుకూ మధ్య బటర్ పేపరు. గదిలో లైట్లు ఆర్పి చూడు. బయట మామూలు గోధుమ రంగులో ఉన్న రాయి పొయ్యిలో నిప్పులా వెలుగుతుంది. కొన్నింట్లో నాచు తేలినట్టు ఆకుపచ్చ పోగులు కనిపిస్తాయి. లావు రాయి అయితే వెలుగు బయటికి రాదు, పలచటివి ఏరుకో. నీ దగ్గరున్న ఎర్ర రాళ్లలో కొన్ని ఎంత వెలుగు పెట్టినా నల్లగానే ఉంటాయి. అవి హకీక్ కాదు, జాస్పర్ అనే ఇంకో రకం రాయి అయి ఉంటాయి. దాంట్లోంచి వెలుగు దూరదు. అలా రాళ్లను వేరు చేసుకోవడానికి కూడా ఇది పనికొస్తుంది.

ఒక్కో మంచి రాయికి రెండు ఫొటోలు పెట్టు, ముందు వెలుగుతో ఒకటి, వెనక వెలుగుతో ఒకటి. వెనక వెలుగు ఫొటో ఒక్కటే పెడితే చూసేవాళ్లు రాయి ఎప్పుడూ అలాగే ఉంటుందనుకుంటారు.

ఫోను విషయానికొస్తే, మరీ దగ్గరికి పోకు. దగ్గరికి పోతే రాయి మధ్యలో ఉబ్బి కనిపిస్తుంది, ఫోను నీడ దాని మీదే పడుతుంది. ఒక జానెడు వెనక్కి జరిగి తీసి, తర్వాత అంచులు కత్తిరించు. స్క్రీన్ మీద రాయిని కాసేపు నొక్కి పట్టుకుంటే ఫోకస్ లాక్ అవుతుంది. పోర్ట్రెయిట్ మోడ్ ఆపేయి, అది రాయి అంచునే మసక చేస్తుంది. రెండు సెకన్ల టైమర్ పెట్టు. నా పాత కెమెరా తీసుకెళ్తే అపర్చర్ (లెన్సు లోపల వెలుగు దూరే కన్నం) ఎఫ్8 నుంచి ఎఫ్11 మధ్య ఉంచు, 16 దాటితే ఫొటో మెత్తబడుతుంది. ట్రైపాడ్ కూడా తీసుకుపో, ఇక్కడ దుమ్ము పట్టి ఉంది.

ఫొటో దిద్దేటప్పుడు ఫోన్‌లో రంగు పెంచే గీత జోలికి వెళ్లకు. బజారులో రంగు పట్టించిన హకీక్‌లు బోలెడు. నువ్వు కొంచెం పెంచినా చూసినవాళ్లు ఇదీ అలాంటిదే అనుకుంటారు, నిజమైన రాయికి చెడ్డ పేరు. కొలత కోసం పక్కన 10 రూపాయల బిళ్ల పెట్టు, దాని వెడల్పు 27 మిల్లీమీటర్లు. రూపాయి బిళ్ల వద్దు, పాతదీ కొత్తదీ ఒకే సైజు కావు.

ఏ రాయి ఎక్కడ దొరికిందో చీటీ మీద రాసి, ఆ చీటీని కూడా ఒక ఫొటో తీసి పెట్టుకో. సుమారు 2000 ఏళ్ల కిందటి గ్రీకు వర్తక గ్రంథం పెరిప్లస్‌లో, మన గోదావరి ఎగువన ఉన్న పైఠణ్ నుంచి చారల రాళ్లు బళ్లకెత్తి గుజరాత్‌లోని భరూచ్ రేవుకు పంపేవారని రాసి ఉంది. ఊరి పేరు రాసిపెట్టబట్టే అది ఈ రోజు మనకు తెలిసింది. నీ రాళ్లకు ఆ మాత్రం మర్యాద నువ్వూ చేయి.

ముందు తేనె చారల రాయి ఒక్కదాన్నే మళ్లీ తీయి. మబ్బు పట్టిన రోజైతే ఇంకా మంచిది. వాట్సాప్‌లో ఫొటోగా పంపకు, కుదించేస్తుంది, డాక్యుమెంట్‌గా పంపు. ఊచలు పోయాయో లేదో నేను పెద్ద స్క్రీన్‌లో చూసి చెబుతాను. ట్రైపాడ్, బ్లోయర్ సంచిలో సర్ది పెట్టాను, మీ నాన్న మిర్చి సంతకు వచ్చినప్పుడు స్టూడియో దగ్గర ఆగమను.

మీ మామయ్య