పొద్దున్నే సెల్ఫ్ అందుకోని కారు

అల్లుడూ,

రోజూ పొద్దున్నే జంపర్ కేబుళ్లు తగిలించి బండి లేపుతున్నావని మీ అమ్మ చెప్పింది. కొత్త బ్యాటరీ కొనే ఆలోచన రెండు రోజులు ఆపు. బండి ఆపాక కూడా కరెంటు తాగేసే దొంగ ఏదో బండిలోనే ఉంటే కొత్త బ్యాటరీని కూడా అలాగే ఖాళీ చేస్తుంది.

ముందు చిన్న లెక్క వేసుకో. బ్యాటరీ మీద 45 ఏహెచ్ (ఆంపియర్-అవర్, అంటే ఒక ఆంపియర్ చొప్పున 45 గంటలు ఇచ్చేంత సరుకు) అని ఉందనుకుందాం. డిక్కీలో 5 వాట్ల బల్బు రాత్రి పది గంటలు వెలిగినా పోయేది 4 ఏహెచ్ చిల్లర. మంచి బ్యాటరీ అంతమాత్రానికి పడిపోదు. ఒక్క రాత్రికే సెల్ఫ్ టక్‌టక్‌మంటోందంటే బ్యాటరీ లోపల సరుకైనా అయిపోయి ఉండాలి, లేదా రెండు మూడు ఆంపియర్లయినా ఎటో పోతుండాలి. వారం నిలబెడితే పడిపోయే బండి కథ వేరు, దానికి 200 మిల్లీఆంపియర్లు చాలు.

అందుకని మొదటి అనుమానం బ్యాటరీ మీదే పెట్టు. చార్జర్‌తో నిండుగా ఎక్కించి, నెగటివ్ టెర్మినల్ విప్పేసి, మూడు నాలుగు గంటలు వదిలెయ్. చార్జర్ తీసిన వెంటనే మల్టీమీటర్ చూపే 13 వోల్టులు నమ్మదగింది కాదు. ఆ తర్వాత 12.6 వోల్టులు ఉండి, తెల్లారినా దాదాపు అంతే ఉంటే బ్యాటరీ తప్పేం లేదు. ఏ వైరూ తగిలించకుండానే 12.2కి జారితే అది తనను తానే తినేస్తోంది. 10.5 దగ్గర ఆగితే ఒక సెల్ పోయినట్టే. తర్వాత కేబుల్ మళ్లీ బిగించి, ఇంజిన్ నడుస్తుండగా టెర్మినళ్ల దగ్గర 13.8 నుంచి 14.5 దాకా రావాలి. 13 దాటకపోతే అసలు చార్జింగే సరిగా లేదు, లీకేజీ కోసం వెతకడం దండగ.

బ్యాటరీ మంచిదని తేలాకే బండిలోకి దిగు. కీ లేకుండా తలుపు తెరుచుకునే బండైతే తాళం అయిదారు మీటర్ల దూరంలో పెట్టు, దగ్గరుంటే బండి నిద్రపోదు. బానెట్ ఎత్తే ఉంచి దాని గొళ్ళేన్ని స్క్రూడ్రైవర్‌తో నొక్కి మూసుకున్నట్టు చెయ్. ఫ్యూజుల పెట్టె లోపలుంటే డ్రైవర్ తలుపు గొళ్ళేన్ని కూడా అలాగే నొక్కాలి. లాక్ చేసి ముప్పావుగంట ఆగు. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. లోపలి కంప్యూటర్లు ఒక్కొక్కటే నిద్రలోకి జారుకోవడానికి 20 నుంచి 40 నిమిషాలు పడుతుంది, ఈలోపు కనిపించే అంకెను చూసి కంగారుపడతారు.

మల్టీమీటర్‌లో ఎర్ర వైరును 10 ఆంపియర్ల రంధ్రంలో పెట్టు. ఒక క్లిప్పు నెగటివ్ కేబుల్ చివరకి, రెండోది బ్యాటరీ నెగటివ్ బొడిపెకి తగిలించు. 10 నంబరు పానాతో బిగింపు వదులు చేసి, క్లిప్పులు ఊడకుండా కేబుల్‌ను మెల్లగా పైకి లాగు. కరెంటు క్షణం కూడా తెగకూడదు, తెగితే కంప్యూటర్లన్నీ మేలుకుని మళ్లీ ముప్పావుగంట కాపలా. మీటర్ ఇలా ఉండగా సెల్ఫ్ కొట్టావో, దాని ఫ్యూజు ఎగిరిపోతుంది.

0.05 ఆంపియర్ల లోపు వస్తే మామూలే. 0.4 దగ్గరుంటే ఎక్కడో బల్బు. డిక్కీలో ఫోన్ వీడియో పెట్టి మూసి చూడు, గ్లవ్ బాక్సులోనూ అంతే. ఒకటి రెండు ఆంపియర్లు దాటితే చేత్తోనే వెతకొచ్చు. రిలేలను (ఫ్యూజుల పెట్టెలో ఉండే చిన్న స్విచ్చు డబ్బాలు) ఒక్కొక్కటే తాకు, అతుక్కుపోయింది గోరువెచ్చగా తగులుతుంది.

దొరకలేదా? ఫ్యూజులు పీకడం మొదలుపెట్టకు. పీకితే అంకె పడిపోయి దొంగ దొరకొచ్చు గానీ, తిరిగి పెట్టగానే ఆ లైన్లోవన్నీ లేచి కూర్చుంటాయి. ప్రతి ఫ్యూజు వీపు మీద రెండు చిన్న లోహపు చుక్కలుంటాయి. మీటర్‌ని మిల్లీవోల్టులకు మార్చి ఆ రెంటి మీదా మొనలు ఆనించు. సున్నా అయితే అటు కరెంటు పోవట్లేదు. 10 ఆంపియర్ల చిన్న ఫ్యూజులో 1 మిల్లీవోల్టు కనిపించినా వంద మిల్లీఆంపియర్ల పైమాటే. (దీనికి ముందు కేబుల్ మళ్లీ బిగించి మీటర్‌ని బయటికి తీసుకోవాలి, ఎర్ర వైరు రంధ్రం మార్చడం మరవకు.) ఏ ఫ్యూజు దగ్గర అంకె కదిలిందో, దాని కింద ఉన్నవాటిని ఒక్కొక్కటిగా విప్పిచూడు.

తర్వాత పెట్టించిన సరుకుంటే నేను ముందు దాన్నే అనుమానిస్తాను. డ్యాష్‌క్యామ్, జీపీఎస్, అన్నిటికంటే స్టీరియో. స్టీరియోకి పసుపు వైరు ఎప్పుడూ కరెంటుండేది, ఎరుపు తాళం తిప్పితే వచ్చేది. తొందర్లో రెండూ కలిపి మెలేస్తే, తెర ఆరినా లోపల పెట్టె మేలుకునే ఉంటుంది.

ఫ్యూజులన్నీ శుభ్రంగా తేలినా అంకె దిగకపోతే మిగిలింది ఆల్టర్నేటర్, అంటే ఇంజిన్ నడిచేటప్పుడు బ్యాటరీని చార్జ్ చేసేది. దాన్లో కరెంటును ఒకే దిక్కుకి పోనిచ్చే డయోడ్ పోతే బండి ఆగాక కరెంటు వెనక్కి నడుస్తుంది, ఆ దారి లోపలి ఫ్యూజుల పెట్టె గుండా పోదు. దాని వెనక లావుపాటి వైరు విప్పి చూడాలి. అది బ్యాటరీ పాజిటివ్‌కి నేరుగా వెళ్లే వైరు కాబట్టి, నెగటివ్ కేబుల్ పూర్తిగా తీసి పక్కన పెట్టాకే పానా వెయ్. విప్పిన కొసకి టేపు చుట్టి, మీటర్‌ని మళ్లీ నెగటివ్ దగ్గర తగిలించి, ముప్పావుగంట ఆగి చూడు. అంకె 0.05 లోపుకి దిగిందంటే ఆల్టర్నేటర్‌ను దింపించి డయోడ్ ప్లేటు మార్పించు.

మామయ్య