బాగున్న నెలల్లోనే వెళ్ళు, అమ్మడూ

చి.ల.సౌ. అమ్మడికి, రాజమండ్రి నుంచి మీ పెద్ద మేనత్త ఆశీర్వదించి రాస్తున్నది.

మొన్న మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. మీ బళ్ళో ఆయాసం, అదే ఆస్తమా, ఉన్న పిల్లల లెక్క తీశావట, పదకొండు మంది తేలారట, డ్వాక్రా ఆడవాళ్ళని కూడగట్టి ఏదో మొదలుపెడుతున్నావట. ఫోన్ పెట్టేశాక చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. గర్వంగా ఉంది. భయమూ వేసింది. ముప్ఫై రెండేళ్ళు నర్సమ్మగా ఆ డెల్టా ఊళ్ళు తిరిగినదాన్ని, నా భయాలు నాకున్నాయి. ఫోన్‌లో చెబితే "సరే అత్తా, సరే అత్తా" అని ఊకొడతావు. అందుకని కాగితం మీద పెడుతున్నాను.

తేలికవి ముందు చెప్పేస్తాను. చుట్టలూ బీడీలూ ఇంట్లో కాల్చకూడదు, మనవణ్ణి ఒళ్ళో పెట్టుకుని లంక చుట్ట ముట్టించే తాతలకి మరీ గట్టిగా చెప్పు. గ్యాసు ఉన్న ఇళ్ళలో కూడా స్నానాల నీళ్ళకి కట్టెలే పెడతారు, చలికాలం పిల్లలు ఆ పొయ్యి దగ్గరే చేరతారు, చేరనివ్వద్దను. దిళ్ళూ బొంతలూ ఎండలో వేయాలి. పసిపిల్లలకి తలంటి సాంబ్రాణి పొగ పట్టడం మాన్పించు, ముసలమ్మలు తిడతారు, పడు. బడి వెనక వయ్యారిభామ మొక్కలు పూత రాకముందే పీకించు. పీకేవాళ్ళు చేతులకి తొడుగులు వేసుకోవాలి, పిల్లల చేత మాత్రం పీకించకు.

దోమల కాయిల్ సంగతి ఒక్క మాటతో తేలదు. ఒక్క కాయిల్ పూర్తిగా కాలితే వచ్చే సన్నటి ధూళి 75 నుంచి 137 సిగరెట్ల నుంచి వచ్చేదానితో సమానమని 2003లో లెక్క కట్టారు. తలుపులు మూసి, మంచం కింద అది పెట్టి, ఆ మంచం మీదే పిల్లాణ్ణి పడుకోబెడతారు. చేపల చెరువుల పక్క ఊళ్ళలో దోమలు ఎలా ఉంటాయో నీకు నేను చెప్పాలా? కాయిల్ మానమంటే ఎవరూ వినరు. దోమతెర చేతికిచ్చి మానమను. మీ సంఘం డబ్బులు మొదట దానికే ఖర్చు పెట్టు, బ్యానర్లకి కాదు.

ఇక అసలు సంగతి. ఇది మీ నాన్నకి కూడా తెలియదు.

1999. నా సబ్‌సెంటర్ పరిధిలో ఒక ఊళ్ళో ఎనిమిదేళ్ళ పిల్లాడు. పేరు రాయను, ఇప్పుడు వాడికీ పిల్లలున్నారు. ఏటా సార్వా కోతలకి మొదలై సంక్రాంతి దాటేదాకా పిల్లికూతలు. పట్నంలో పిల్లల డాక్టరు నోటితో మందు పీల్చే పంపులు, ఇన్‌హేలర్లు, రెండు రాసిచ్చాడు. నీలంది ఆయాసం వచ్చినప్పుడు, గోధుమరంగుది రోజూ పొద్దున్నా రాత్రీ. ఆ వేసవికి పిల్లాడు చెట్లెక్కుతున్నాడు, కాలవలో ఈదుతున్నాడు. వాళ్ళమ్మ సబ్‌సెంటర్ అరుగు మీద కూర్చుని అడిగింది. "వీడు రాయిలా ఉన్నాడు నర్సమ్మగారూ. ఆ రెండో పంపు ఇంకా ఎందుకండీ? స్టిరాయిడ్ అంట, అలవాటు పడిపోతాడంట. డబ్బులు కూడా చూసుకోవాలి గదండీ." నాకు ఆ రోజు పోలియో చుక్కల లెక్కలు పంపే తొందర. తలెత్తకుండానే అన్నాను, "బాగానే ఉన్నాడుగా, ఆపి చూడు. ఆయాసం వస్తే నీలంది కొట్టు." అర నిమిషం కూడా పట్టలేదు.

డిసెంబరులో కుప్పనూర్పుళ్ళు జరుగుతున్నాయి, ఊరంతా వరి దుమ్ము. రాత్రి రెండింటికి వాళ్ళ నాన్న వచ్చి తలుపు బాదాడు. నేను వెళ్ళేసరికి పిల్లాడు మంచం పట్టె పట్టుకుని ముందుకి వంగి కూర్చున్నాడు. గొంతు కింద గుంట పడుతోంది, డొక్కలెగరేస్తున్నాడు. వాళ్ళమ్మ పంపు కొడుతూనే ఉంది. "పనిచేస్తోందండీ, గాలి వస్తోంది" అంటోంది. తీసుకుని ఊపి చూశాను. తేలిగ్గా ఉంది. మందు ఎప్పుడో అయిపోయింది, వచ్చేది ఉత్త గ్యాసు. ఇంతలో కూతలు ఆగిపోయాయి. నయమైందనుకుని నాయనమ్మ దేవుడికి దండం పెట్టింది. నాకు కాళ్ళు చల్లబడ్డాయి. గాలి కాస్తయినా ఆడితేనే అమ్మడూ, కూత వినబడేది.

108 అప్పటికి లేదు, మనకి అది వచ్చింది 2005లో. ధాన్యం లారీ ఎక్కించి పట్నం తీసుకెళ్ళాం. నా ఒళ్ళోనే ఉన్నాడు. పెదాలు నేరేడుపండు రంగుకి తిరిగాయి. బతికాడు. ఆక్సిజన్ పెట్టి, సూదులిచ్చి, తెల్లారేసరికి కళ్ళు తెరిచాడు.

డాక్టరు అడిగాడు, "రోజూ కొట్టే పంపు ఎవరు ఆపమన్నారు?" అని. నేను పక్కనే ఉన్నాను. ఆ తల్లి నా వైపు ఒక్కసారి చూసి, "మేమే ఆపేశామండీ, డబ్బుల్లేక" అంది. నేను నోరు విప్పలేదు.

నా మీద దయతో అలా అందని చాలా ఏళ్ళు అనుకున్నాను. ఇప్పుడు వేరేగా అనిపిస్తుంది. కడుపుతో ఉంది అప్పటికి. పురుటికి నేను కావాలి, పుట్టేవాడికి టీకాలకి నేను కావాలి. నన్ను పోగొట్టుకునే స్తోమత ఆమెకి లేదు. ఆ తర్వాత నేను చేసిన పని ఇంకా పాడుది. అదే సలహా ఇంకో ఇద్దరు తల్లులకీ ఇచ్చి ఉన్నాను. ఇళ్ళకి వెళ్ళి మళ్ళీ మొదలుపెట్టించాను గానీ, "డాక్టరుగారు పద్ధతి మార్చారు" అని చెప్పాను. "నేను తప్పు చెప్పాను, ఒక పిల్లాడు చావు దాకా వెళ్ళాడు" అని ఉంటే ఊళ్ళో ప్రతి తల్లికీ ఆ మాట గుర్తుండిపోయేది. నువ్వెప్పుడైనా తప్పు చెప్పావనుకో, డ్వాక్రా మీటింగులో అందరూ ఉండగానే చెప్పు. ఉద్యోగానికేం కాదు. అయినా ఫర్వాలేదు.

అందుకే నీకు మరీ మరీ చెప్పేది, పిల్లలు బాగున్నప్పుడే ఆ ఇళ్ళకి వెళ్ళు. దగ్గు మొదలయ్యాక అందరూ వస్తారు, డాక్టరు దగ్గరికి వాళ్ళే పరిగెడతారు. మే నెలలో, బడి సెలవుల్లో, పిల్లాడు మామిడితోటలో తిరుగుతున్నప్పుడు పంపు అటక మీదికి పోతుంది. మే మొదటి మంగళవారం ప్రపంచ ఆస్తమా దినం, ఊరేగింపు పెట్టమంటారు. పెట్టకు. ఆ రోజు పదకొండు గుమ్మాలూ ఎక్కు. నీలంది మూసుకున్న గొట్టాల్ని నిమిషాల్లో తెరుస్తుంది, కొన్ని గంటలు ఉంటుంది. లోపలి వాపుని తగ్గించేది ఆ రెండోది, దానికి వారాలు పడుతుంది. అందులో స్టిరాయిడ్ ఉన్న మాట నిజమే, మైక్రోగ్రాముల లెక్కన నేరుగా ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది. కొట్టాక నోరు పుక్కిలించి ఉమ్మేయాలి. తగ్గించాలన్నా ఆపాలన్నా డాక్టరే చెప్పాలి, మనం కాదు.

పంపు తెరిచిన రోజు దాని మీద తేదీ రాయించు. మామూలుగా వచ్చే నీలం పంపులో 200 మోతాదులుంటాయి, లెక్క చూపే అంకెలు చాలావాటికి ఉండవు. ప్రతి ఇంట్లో గోడ మీద క్యాలెండర్ ఉంటుంది కదా, కొట్టినప్పుడల్లా అక్కడ గీతలు గీయించు. నెల తిరిగేసరికి నీలం గీతలు ఎక్కువైతే పిల్లాడికి బాగాలేదని అర్థం, తల్లి "బాగానే ఉన్నాడండీ" అన్నా నమ్మకు. బళ్ళో ఒక పంపు ఉంచుతావు కదా, బీరువాలో పెట్టి తాళం వేయకు. హెడ్మాస్టారు మండలం మీటింగుకి వెళ్ళిన రోజే అవసరమొస్తుంది.

పంపు నేరుగా నోట్లో కొడితే మందు చాలావరకు గొంతులోనే అంటుకుంటుంది, పంపుకీ నోటికీ మధ్యలో స్పేసర్ అనే డొల్ల గొట్టం ఉండాలి. కొనలేని వాళ్ళకి అరలీటరు నీళ్ళ సీసా చాలు. 1999లోనే కేప్‌టౌన్ పిల్లల డాక్టర్లు పరీక్షించి, సందులేకుండా అతికించిన సీసా కొన్న స్పేసర్‌తో సమానంగా పనిచేస్తుందని తేల్చారు, థర్మాకోల్ కప్పు మాత్రం అంత పనిచేయలేదు. అడుగున పంపు మూతి పట్టేంత కంత కాల్చిన తీగతో చేసి, చుట్టూ అతికించు. పిల్లాడు సీసా మూతికి పెదాలు బిగించి, ఒక్కసారి కొట్టాక నాలుగైదు ఊపిర్లు నెమ్మదిగా తీయాలి. సబ్బునీళ్ళలో కడిగి అలాగే ఆరనివ్వాలి, గుడ్డతో తుడిస్తే మందు గోడలకి పట్టుకుంటుంది. మూతి బిగించలేని చిన్నపిల్లలకి మాస్కు ఉన్న స్పేసరే కావాలి.

మాట మధ్యలో ఊపిరి కోసం ఆగడం, డొక్కలెగరేయడం, పెదాలు నల్లబడడం, కూత హఠాత్తుగా ఆగిపోవడం. ఈ నాలుగూ నాయనమ్మలకి నేర్పు, రాత్రిళ్ళు మేలుకునేది వాళ్ళే. ఇందులో ఏది కనిపించినా వెంటనే 108. బండి వచ్చేదాకా పిల్లాణ్ణి పడుకోబెట్టకుండా కూర్చోబెట్టి నీలంది కొడుతూ ఉండాలి, ఎన్నిసార్లన్నది డాక్టరు చేత ముందే కాగితం మీద రాయించి గోడకి అంటించు.

మృగశిర కార్తెకి హైదరాబాదు చేప మందుకి వెళతామంటారు. పోట్లాడకు, వెళ్ళనీ. కానీ తిరిగొచ్చిన మర్నాడు వాళ్ళింటికి వెళ్ళి పంపు ఎక్కడుందో చూడు.

బియ్యం మిల్లు నుంచి ఎగిరే బూడిద గురించి, దాళ్వా కోతలయ్యాక మోళ్ళు తగలబెట్టడం గురించి నువ్వు ఒక్కదానివే వెళ్ళి ఎవర్నీ అడగకు. పదకొండు మంది తల్లులూ పిల్లల్ని చంకనేసుకుని రావాలి. మిల్లులో కూలికి వెళ్ళే వాళ్ళలో ఇద్దరు ముగ్గురు తప్పకుండా ఉంటారు, వాళ్ళని ముందు వరసలో నిలబెట్టకు.

నువ్వు కూడా ఈ మోళ్ళ పొగలో ఇల్లిల్లూ తిరుగుతావు కదా, నాకు నిద్ర పట్టనిది అక్కడే. ఆరేళ్ళప్పుడు ధనుర్మాసంలో మా ఇంట్లో ఉన్నావు, నీకు గుర్తుండదు. పడుకోబెడితే ఊపిరాడేది కాదు. రామాలయం మైకు మోగేదాకా నిన్ను భుజాన వేసుకుని వసారాలో అటూ ఇటూ తిరిగాను. అప్పుడు నా చేతిలో పంపు కూడా లేదు, ఉన్నది దగ్గు మందు సీసా. ఇప్పుడు నీ సంచిలో పంపు ఉంటుందని మీ నాన్న అన్నాడు. దాని మీద తేదీ ఉందా? ఎప్పుడు తెరిచావో వచ్చే ఉత్తరంలో రాయి. ఫోన్‌లో వద్దు, చూసి రాయి.

ఆశీస్సులతో,
మీ అత్త